త్రాసు చెప్పని సంగతి

1809వ సంవత్సరము జూన్ 1వ తేదీన ఇంగ్లండులోని న్యూమార్కెట్ పట్టణమున ఒక వింత పందెము మొదలైనది. స్కాట్లండునకు చెందిన కాప్టన్ బార్క్లే అను భూస్వామి వేయి గంటలలో వేయి మైళ్లు నడచెదనని వేయి గినీలు ఒడ్డెను. అందలి నియమము మిక్కిలి కఠినము. ప్రతి గంటయందును ఒక మైలు నడచి తీరవలెను. అర్ధరాత్రియైనను, వాన కురియుచున్నను, కాళ్లు వాచినను ఒక్క గంటయైనను తప్పరాదు. కావున ఆరు వారములపాటు ఆతనికి ఒక్క రాత్రియైనను కంటినిండ నిద్ర లేదు. జూలై 12వ తేదీన వేయవ మైలు ముగించి ఆతడు పందెము గెలిచెను. బయలుదేరిననాడు ఆతని బరువు 186 పౌనులు. గెలిచిననాడు 154 పౌనులు. నేటి లెక్కలో చెప్పవలెనన్న సుమారు పదునాలుగున్నర కిలోలు తరిగినవి.

తరిగిన ఆ పదునాలుగున్నర కిలోలు ఏమి? నీరా, క్రొవ్వా, కండయా? ఆనాడు దానిని తేల్చుటకు సాధనము లేదు. త్రాసు ఒక్క అంకెను చెప్పి ఊరకుండును. ఆ అంకెలో ఏమేమి కలసియున్నవో చెప్పదు. దూరపు పరుగునకు తరిఫీదు పొందువారు గడచిన రెండువందల యేండ్లుగా ఆ అంకెను నమ్ముకొని పడిన పాట్లును, త్రాసు చెప్పని సంగతులను శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటిగా వెలికిదీసిన తీరును ఈ ప్రసంగమున మనవి చేయుదును.

బార్క్లే కాలపు తరిఫీదు ఎట్టిదో వాల్టర్ థామ్ అను నతడు 1813లో వ్రాసిన గ్రంథము వలన తెలియుచున్నది. అది విరేచనములతో ఆరంభమగును. గ్లాబర్ లవణము పుచ్చుకొని కడుపు శుభ్రపరచుకొనవలెను. తరువాత చెమట పట్టించుట. ఉన్నిబట్టలు తొడిగికొని నాలుగు మైళ్లు వేగముగ పరుగెత్తి వచ్చి, వేడి కషాయము త్రాగి, ఈకల పరుపుపై పండుకొని, పైన దుప్పట్లు కప్పుకొని అరగంటసేపు చెమటలు క్రక్కవలెను. ఆహారము సగము కాలిన మాంసము, చద్ది రొట్టె. బంగాళాదుంప, ముల్లంగి జాతి దుంపలు నీరు కలవని చెప్పి నిషేధించిరి. పానీయములకు సయితము కొలత విధించిరి. గుఱ్ఱపు పందెములలో స్వారి చేయువారును, ముష్టియుద్ధము చేయువారును అనుసరించిన పద్ధతియు దాదాపు ఇదియే. ఈ తరిఫీదు వెనుకనున్న నమ్మకము ఒక్కటే: దేహమున ఉన్న బరువంతయు మోత, ఎంత దించుకొన్న అంత లాభము.

ఆ నమ్మకమున సత్యము లేకపోలేదు. పరుగెత్తువాడు అడుగడుగునకు తన దేహమును నేలమీదినుండి పైకెత్తి ముందునకు విసరుకొనుచుండును. చదునైన నేలపై ఒక కిలో బరువును ఒక కిలోమీటరు దూరము పరుగున కొనిపోవుటకు సుమారు ఒక కాలరీ ఖర్చగునని శరీరశాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. 60 కిలోల మనుష్యుడు 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథాన్ ముగించుటకు రెండువేల అయిదువందల కాలరీలు కావలెను. బరువు తగ్గినచో ఖర్చు తగ్గును. ఇంతవరకు లెక్క సరియే. కాని ఆ 60 కిలోలలో నీరు కలదు. పరుగునకు ఇంధనమైన పిండిపదార్థపు నిలువ కలదు. క్రొవ్వు కలదు, కండ కలదు, ఎముక కలదు. వీనిలో దేనిని దించుకొనుచున్నాము? చరిత్ర అంతయు ఈ ప్రశ్నలోనే ఉన్నది.

మొదట నీటి సంగతి చూతము. 1904 ఆగస్టు 30వ తేదీన అమెరికాలోని సెంట్ లూయీ నగరమున ఒలింపిక్ మారథాన్ జరిగెను. ఎండ ఫారన్‌హీటు మానమున 90 డిగ్రీలకు చేరినది. దారి దుమ్ము దారి. పోటీ యధికారులకు పరుగున నీరు త్రాగరాదను నమ్మకము బలముగ ఉండుటచే దారిలో నీరు దొరకు తావు నామమాత్రము. 32 మంది బయలుదేరగా గమ్యము చేరినవారు 14 మంది మాత్రమే. గెలిచిన థామస్ హిక్స్ దారిలో నీటికై ప్రాధేయపడినను, వెంటనున్నవారు ఆతని నోటిని తడిబట్టతో తుడిచిరి గాని త్రాగనీయలేదు. నీటికి బదులుగ కోడిగ్రుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నిన్ అను విషమును కలిపి యిచ్చిరి, బ్రాందీ పోసిరి. ఆతడు 3 గంటల 28 నిమిషముల 53 సెకండ్లకు, ఇద్దరు మోయగా ఇంచుమించు స్మృతి తప్పినవాడై, గమ్యము చేరెను. ఆ పందెమున ఎనిమిది పౌనుల బరువు కోల్పోయెనని చెప్పుదురు. అందు క్రొవ్వు స్వల్పము, తక్కినదంతయు నీరే. వేడిలో చెమటపోవుట దేహము తన్ను తాను చల్లార్చుకొనుట. ఆ నీటిని తిరిగి యీయకపోవుట మంట మండుచుండగా బావిని పూడ్చుటవంటిది.

కాలక్రమమున లోకము ఈ తప్పును గ్రహించినది. 1965లో ఫ్లారిడా విశ్వవిద్యాలయమున రాబర్ట్ కేడ్ అను వైద్యుడును, ఆతని సహచరులును ఆటగాండ్రు కోల్పోవు నీటిని, ఉప్పును లెక్కగట్టి చక్కెర, ఉప్పు కలిపిన పానీయమును తయారుచేసిరి. అదియే గేటరేడ్. అటుపిమ్మట లోకము రెండవ చివరకు పోయినది. దాహము లేకపోయినను త్రాగుడు, ఎంత త్రాగిన అంత మేలు అను బోధ వ్యాపించెను. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ పట్టణముల నడుమ సుమారు 90 కిలోమీటర్ల దూరము సాగు కామ్రేడ్స్ పరుగు కలదు. 1981లో ఆ పందెమున ఒక స్త్రీ స్పృహ తప్పెను. నీరు చాలక కాదు, నీరు మితిమీరి రక్తములోని సోడియము పలచబడుట చేత. అట్టి రోగులను గూర్చి డాక్టర్ టిమ్ నోక్స్, ఆయన తోటివారు 1985లో వ్రాసిరి. కాని ఆ హెచ్చరికను ఆలకించినవారు తక్కువ. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందిలో సోడియము ఉండవలసినదానికంటె తగ్గియున్నది. ఆ యేటి పందెముననే ఒక యువతి ఈ కారణముచేత మరణించినది. ఆ పరీక్షల ఫలితములు 2005లో ప్రచురింపబడినప్పుడు తెలిసిన ముఖ్యవిషయము ఇది: పరుగున బరువు పెరిగినవారే అందఱికంటె ఎక్కువ అపాయమున పడిరి. నాలుగు గంటలు చెమటోడ్చి పరుగెత్తినవాడు బయలుదేరినప్పటికంటె బరువుగ తేలినచో, ఆతడు కోల్పోయినదానికంటె ఎక్కువ త్రాగినాడన్నమాట. 1904లో త్రాసు చూపిన తరుగుదలను సంతోషముగ చూచినవారును తప్పు. నూరేండ్లకు తరువాత తరుగుదలను చూచి భయపడినవారును తప్పు. కొంత తరుగుదల సహజము. దాహము దానికి మంచి కాపలాదారు.

ఇక ఇంధనము సంగతి. 1924లో బోస్టన్ నగరపు వైద్యులు కొందరు మారథాన్ ముగించిన పరుగువీరుల రక్తమును పరీక్షించిరి. సొమ్మసిల్లి, పాలిపోయి, మతిచలించినట్లు గమ్యము చేరినవారి రక్తమున చక్కెర బాగుగ తగ్గియుండెను. మరుసటి యేట వారు పరుగువీరులకు ముందుగ పిండిపదార్థములు ఎక్కువగ తినిపించి, దారిలో మిఠాయి చప్పరింపుమని చెప్పిరి. ఆ యేడు ఆ సొమ్మసిల్లుట తగ్గెను. 1939లో క్రిస్టెన్‌సెన్, హాన్సెన్ అను శాస్త్రజ్ఞులు ఇదే విషయమును ఇంకను స్పష్టముగ చూపిరి. క్రొవ్వు హెచ్చుగ తిని పనిచేసినవారు గంటన్నరలోపే అలసిపోగా, పిండిపదార్థములు తినినవారు నాలుగు గంటలు పనిచేయగలిగిరి.

ఈ ఇంధనము దేహమున ఎచ్చట దాగును? 1962లో స్వీడన్ దేశపు వైద్యుడు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ కండరమున సూది గ్రుచ్చి చిన్న తునుకను తీయు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. 1966లో ఆయనయు, ఎరిక్ హుల్ట్‌మన్ అను వైద్యుడును తమ దేహములపైననే ఒక ప్రయోగము చేసికొనిరి. ఒకే వ్యాయామ సైకిలునకు ఇద్దరును చెరియొక ప్రక్క కూర్చుండి, ఒక్కొక్క కాలితో మాత్రమే త్రొక్కి, ఆ కాలు పూర్తిగ అలసినదాక శ్రమించిరి. రెండవ కాలిని విశ్రాంతిగ ఉంచిరి. పిదప మూడు దినములు పిండిపదార్థములు దండిగ భుజించిరి. అలసిన కాలి కండరమున గ్లైకోజెన్ అను చక్కెరనిలువ విశ్రమించిన కాలికంటె రెట్టింపు పెరిగెను. ఖాళీచేసిన గాదెయే ఎక్కువ ధాన్యమును కోరునని తేలినది. 1969లో ఇంగ్లండు దేశపు రాన్ హిల్ ఈ పద్ధతిని అనుసరించి ఏథెన్సునందు యూరపు మారథాన్ పోటీ గెలిచెను.

ఇచ్చట త్రాసు మరల మోసగించును. దేహము ఒక గ్రాము గ్లైకోజెనును దాచుకొనునపుడు దానితో సుమారు మూడు గ్రాముల నీటిని చేర్చి దాచును. అరకిలో గ్లైకోజెను నిండినచో దానితో కిలోన్నర నీరు చేరును. అనగా పందెపు తొలినాటి ఉదయమున త్రాసుపై రెండు కిలోలు ఎక్కువ కనుపించును. తెలియనివాడు బలిసితినని బెదరి ఆ రాత్రి భోజనము మానును. తెలిసినవాడు గాదె నిండినదని నెమ్మదిగ నిద్రపోవును. అట్లే అన్నము, రొట్టె పూర్తిగ మానినవారు మొదటివారముననే రెండు కిలోలు తగ్గితిమని మురియుదురు. తగ్గినది క్రొవ్వు కాదు. ఇంధనము, దానితోడి నీరు. పందెమునాడు ఇరువది మైళ్లకు కాళ్లు కదలక నిలిచిపోయినప్పుడు ఆ మురిపెమునకు ధర చెల్లింపవలసివచ్చును.

మూడవ సంగతి క్రొవ్వు, కండల నిష్పత్తి. ఆర్కిమిడీసు కిరీటపు కథ మనము చిన్ననాడు చదువుకొన్నదే. బరువు ఒక్కటే చూచినచో బంగారమున వెండి కలిసినదో లేదో తెలియదు. నీటిలో ముంచి ఘనపరిమాణము చూచినచో తెలియును. ఆ సూత్రమును మనుష్యదేహమునకు అన్వయించినవారిలో ముఖ్యుడు అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ. క్రొవ్వు నీటికంటె తేలిక. కండ, ఎముక నీటికంటె బరువు. మనుష్యుని గాలిలో ఒకమారు, నీటిలో ముంచి ఒకమారు తూచినచో ఆతనిలో క్రొవ్వు ఎంతయో లెక్క కట్టవచ్చును. 1942లో వెల్హామ్ అను వైద్యునితో కలిసి బెంకీ 25 మంది అమెరికా ఫుట్‌బాల్ వృత్తిక్రీడాకారులను ఇట్లు తూచెను. సైన్యపు కొలతపట్టికల ప్రకారము వారిలో 17 మంది అధికభారముచేత సైనికసేవకు పనికిరానివారు. కాని నీటి త్రాసు చెప్పినది వేరు. వారి బరువు క్రొవ్వు కాదు, కండ. దేశమునందలి మిక్కిలి దృఢగాత్రులను పట్టిక స్థూలకాయులని త్రోసివేసినది.

బెంకీ మరియొక విషయము కూడ చెప్పెను. క్రొవ్వంతయు వ్యర్థము కాదు. నరములకు, మజ్జకు, అవయవములకు అత్యవసరమైన క్రొవ్వు పురుషులలో దేహభారమున నూటికి మూడు పాళ్లు, స్త్రీలలో పండ్రెండు పాళ్లు ఉండునని ఆయన అంచనా. దానిని కూడ కరగించుకొనుట ఇంటి దూలములను పొయ్యిలో పెట్టుటయే.

దీనికి ఎదురు దిక్కుననున్న ఉదాహరణ మన దేశమునకు సంబంధించినది. బరువును ఎత్తు వర్గముచేత భాగించు లెక్కను 1832లోనే బెల్జియమ్ శాస్త్రజ్ఞుడు కెటెలే సూచించెను; 1972లో ఏన్సెల్ కీస్ దానికి దేహభార సూచిక అను అర్థమిచ్చు పేరు పెట్టెను. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల చిత్రము ప్రచురింపబడినది. ఒకరు పూనా వాస్తవ్యులైన చిత్తరంజన్ యాజ్నిక్; రెండవవారు లండను వాస్తవ్యులైన జాన్ యడ్కిన్. ఇద్దరి దేహభార సూచికయు 22.3. ఇద్దరును చూపునకు సన్ననివారే. కాని యడ్కిన్ దేహమున క్రొవ్వు నూటికి 9.1 పాళ్లు, యాజ్నిక్ దేహమున 21.2 పాళ్లు. యడ్కిన్ తీరిక వేళ మారథాన్లు పరుగెత్తును. తమ వ్యాయామమెల్ల ఆసుపత్రిలో లిఫ్టు తలుపు మూసికొనకముందు అందుకొనుటయేనని యాజ్నిక్ హాస్యమాడినారు. అయితే భేదమునకు వ్యాయామమొక్కటే కారణము కాదనియు, తల్లిగర్భమునందలి పోషణ మొదలుకొని మన జాతి చరిత్ర అందు ఇమిడియున్నదనియు ఆ వ్యాసము సూచించినది. సన్నగా కనుపించు భారతీయుడు లోపల క్రొవ్వు దాచుకొని యుండవచ్చును. కావున మన యువకుడు దూరపు పరుగునకు పూనుకొన్నపుడు బరువు ఒక్క కిలోయైనను తగ్గకపోవచ్చును. అయినను క్రొవ్వు కరగి కండ పెరిగి ఆతని దేహము మారిపోవుచుండును. త్రాసు కదలలేదని నిరుత్సాహపడుట అజ్ఞానము.

బరువు తక్కువైనవాడే గెలుచుననుట కూడ చరిత్రకు నిలువదు. ఆస్ట్రేలియాకు చెందిన డెరెక్ క్లేటన్ ఎత్తు 6 అడుగుల 2 అంగుళములు, బరువు సుమారు 73 కిలోలు. పొట్టివారికి, తేలికవారికి మారథాన్ అను సామాన్య నమ్మకమునకు ఆతడు పూర్తిగ విరుద్ధము. అయినను 1969లో యాంట్వర్పునందు ఆతడు 2 గంటల 8 నిమిషముల 33 సెకండ్లకు పరుగు ముగించెను. పండ్రెండు సంవత్సరములు ఆ సమయమును మించినవారు లేరు.

ఇంతవరకు చెప్పినది లెక్కల తప్పు. ఇక చెప్పబోవునది ప్రాణములకు, ఎముకలకు సంబంధించినది.

రెండవ ప్రపంచయుద్ధపు చివరిదినములలో, యూరపున కరవుపాలైన జనులను తిరిగి పోషించుట ఎట్లో తెలిసికొనుటకై, పైన పేర్కొన్న ఏన్సెల్ కీస్ మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఒక ప్రయోగము నడపెను. యుద్ధమున ఆయుధము పట్టుటకు మనస్సాక్షి ఒప్పని 36 మంది యువకులు స్వచ్ఛందముగ ముందునకు వచ్చిరి. 1945లో ఇరువదినాలుగు వారములపాటు వారికి దినమునకు సుమారు 1,570 కాలరీల ఆహారము మాత్రమిచ్చి, వారమునకు 22 మైళ్లు నడిపించిరి. వారి బరువు నాలుగవవంతు తరిగెను. నాడి మందగించెను, వేసవిలో సయితము చలి వణికించెను, చదువుపై, స్నేహములపై ఆసక్తి నశించి ఆలోచన అంతయు అన్నము చుట్టు తిరిగెను. దేహము తనకు వచ్చు ఆదాయము తగ్గినదని గ్రహించి ఒక్కొక్క గదిలో దీపమార్పినట్లు ఖర్చు తగ్గించుకొన్నది. ఆహారము తిరిగి ఇచ్చినపుడు మొదట తిరిగివచ్చినది క్రొవ్వు; కండ నెమ్మదిగ వెనుక వచ్చెను. అనగా పస్తుండి బరువు తగ్గినవాడు పూర్వపు బరువునకు వచ్చినను పూర్వపు మనుష్యుడు కాడు. ఈ వృత్తాంతమును కీస్ 1950లో రెండు సంపుటములుగ ప్రకటించెను. దూరపు పరుగువారు ఆనాడు దానిని తమకు సంబంధించినదిగా భావింపలేదు. భావించియుండిన బాగుండెడిది.

స్త్రీల పరుగు చరిత్ర ఇందునకు సాక్ష్యము. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తి అలసిరని చెప్పి, 1960 వరకు వారికి 200 మీటర్లకు మించిన పరుగు లేకుండ చేసిరి. తొలి ఒలింపిక్ స్త్రీల మారథాన్ 1984లో లాస్ ఏంజెలిసున జరుగగా జోన్ బెనాయిట్ గెలిచినది. తలుపులు తెరచుకొన్న ఆ సంవత్సరమే మరియొక వార్త వెలువడినది. బార్బరా డ్రింక్‌వాటర్, ఆమె సహచరులు ఋతుస్రావము నిలిచిపోయిన 14 మంది యువక్రీడాకారిణుల ఎముకలను పరీక్షించిరి. వారి సగటు వయస్సు ఇరువదియైదు సంవత్సరములు. వెన్నెముక సాంద్రత మాత్రము ఏబదియొక్క సంవత్సరముల స్త్రీలకు ఉండునంత. త్రాసుపై వారు ఆదర్శవంతులు. లోపల ఎముక గుల్లబారుచున్నది. తరిఫీదు ఎక్కువై నెలసరి ఆగుట మంచి శిక్షణకు గుర్తని నమ్మిన శిక్షకులు కూడ ఉండిరి. అది గుర్తే, కాని దేహము వేయు మొర.

1992లో వైద్యులు ఆహారలోపము, ఋతుక్రమము తప్పుట, ఎముక క్షీణించుట అను మూడును ఒక గొలుసుగ గుర్తించిరి. ఈ గొలుసునకు మూలము క్రొవ్వు తగ్గుటయా, శ్రమ హెచ్చుటయా అను సందేహమును అమెరికా శాస్త్రజ్ఞురాలు ఆన్ లౌక్స్ తీర్చెను. మూలము రెండును కావు: తినినదానిలోనుండి వ్యాయామమునకు పోగా దేహమునకు మిగిలినది చాలకపోవుట. ఆ మిగులు క్రొవ్వు తీసివేసిన దేహభారమున కిలోకు 30 కాలరీల లోపునకు దిగినచో, ఐదు దినములలోనే ఋతుచక్రమును నడపు గ్రంథిస్రావముల లయ చెదరునని 2003లో ఆమె, తన తోటి పరిశోధకునితో కలిసి, చూపెను. 45 కాలరీలు ఉన్నచో క్షేమము.

ఈ లెక్క ఇంటిలో ఎవరైనను వేసికొనవచ్చును. 50 కిలోల యువతి. దేహమున అయిదవవంతు క్రొవ్వు. తక్కినది 40 కిలోలు. ఆమె ఉదయము 12 కిలోమీటర్లు పరుగెత్తినచో 600 కాలరీలు ఖర్చు. రోజంతయు తినినది 1,800 కాలరీలు అనుకొందము. మిగిలినది 1,200. దానిని 40 చేత భాగింపగా వచ్చునది సరిగా 30. ఆమె పస్తుండుటలేదు, ఇంటిలో అందఱివలెనే భుజించుచున్నది. అయినను అపాయపు గీతపై నిలిచియున్నది. ఆమె ఒకపూట అన్నము మానినచో గీత దాటును. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు వైద్యమండలి ఈ వ్యాధి పురుషులకు కూడ కలదనియు, గుండె, రక్తము, మనస్సు, పెరుగుదల అన్నియు దీనివలన చెడుననియు ప్రకటించినది.

మరి గొప్ప పరుగువీరులు ఏమి తినుచున్నారు? కెన్యా దేశపు మేటి పరుగువీరులు పదిమందిని శిక్షణశిబిరమున పరిశీలించి 2004లో ప్రకటించిన నివేదిక కలదు. వారు తిను ఆహారమున నూటికి 76 పాళ్ల పైచిలుకు శక్తి పిండిపదార్థములదే. ప్రధానభోజనము మొక్కజొన్నపిండితో వండు ఉగాలి, అనగా మన రాయలసీమ సంగటివంటిది. ఆకుకూరలు, చిక్కుడుగింజలు, పాలు, చక్కెర హెచ్చుగ వేసిన తేనీరు, మాంసము మితము. పరుగు ముగిసిన వెంటనే తినుట వారి అలవాటు. వారి సన్నదనము పస్తుల ఫలితము కాదు. జీవితమంతయు నడచి, పరుగెత్తి, తిని పెరిగిన దేహముల సన్నదనము.

మన దేశమున ఇట్టి విచారణకు పునాది పాతది. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరున ప్రారంభించిన పరిశోధన 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. మెకారిసన్ మన దేశపు వేర్వేరు ప్రాంతముల భోజనమును ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమ, పప్పు, పాలు, కూరలు కల వాయవ్యప్రాంతపు భోజనము తినినవి బలిష్ఠముగ పెరిగెను. మరపట్టిన బియ్యముపై ఆధారపడిన పేదభోజనము తినినవి కృశించెను. మన పరుగువీరుల కొరత ఊపిరిది కాదు; తరచుగా పళ్లెములోనిది. ఆ కొరతల నడుమనే సిపాయి శివనాథ్ సింగ్ పాదరక్షలు లేకుండ పరుగెత్తుట నేర్చి, 1976 మాంట్రియల్ ఒలింపిక్ మారథానున పదునొకండవవాడై, 1978లో జలంధరున 2 గంటల 12 నిమిషములకు పరుగు ముగించెను. నాలుగు దశాబ్దములకు పైగా దేశమున ఆ సమయమును దాటినవారు లేరు.

2011లో హైదరాబాదున మారథాన్ మొదలైన తరువాత మన నగరములలో తెల్లవారకమునుపే వీధులలో పరుగెత్తువారు పెరిగిరి. గుమాస్తాలు, గృహిణులు, పింఛనుదారులు, కళాశాల బాలికలు, అందఱును కలరు. సంతోషింపదగినదే. అయితే వారిలో కొందరు పరుగును తిండి మానుటతో జతచేయుచున్నారు. రాత్రి భోజనము మాని, ఉదయము ఖాళీకడుపుతో పదునెనిమిది కిలోమీటర్లు పరుగెత్తి, త్రాసు ఎక్కి సంతసించు యువతి మన ఇంటనే ఉండవచ్చును. ఆమె నెలసరి ఆగినదో, చిన్నదెబ్బకు కాలియెముక చిట్లినదో, మాటిమాటికి జలుబు చేయుచున్నదో, చిరాకు పెరిగినదో తల్లిదండ్రులు గమనింపవలెను. అవి త్రాసు చూపని గుర్తులు. వైద్యుని చూపించుటకు అవియే తగిన సమయము.

క్రొవ్వు నిజముగ అధికముగనున్నవారు తగ్గించుకొనరాదని ఈ మాటలకు అర్థము కాదు. తగ్గించుకొనవచ్చును, కాని పందెము దూరముగనున్న నెలలలో, నెమ్మదిగ, పప్పు, పాలు, గ్రుడ్లవంటి మాంసకృత్తులు తగ్గింపక, కండను కాపాడు వ్యాయామముతోడ తగ్గించుకొనవలెను. దీర్ఘమైన పరుగు రోజున అన్నమును తగ్గింపరాదు. పరుగునకు ముందు వెనుకల తూచుకొనుట నీటిలెక్కకు పనికివచ్చును. వారముల సగటు దేహపుటొరవడికి పనికివచ్చును. ఒక్క ఉదయపు అంకె దేనికిని పనికిరాదు.

రెండువందల యేండ్ల క్రిందట కాప్టన్ బార్క్లే కోల్పోయిన 32 పౌనులలో ఏది ఎంతయో ఇక ఎవరును చెప్పజాలరు. మన బిడ్డలు కోల్పోవుచున్నది ఏదో మాత్రము మనము తెలిసికొనగలము. త్రాసును దాటి చూచు కన్ను, పళ్లెమున తగినంత వడ్డించు చేయి ఉన్నచో చాలును.